ఒక్కసారి తొక్కితే

బ్రేకు తొక్కాననీ, పెడల్ నేలదాకా దిగిపోయిందనీ, కారు మాత్రం ఆగలేదనీ కోడలు మళ్ళీ చెప్పింది. పొద్దుట్నుంచీ ఆ మాటే చెబుతోంది. చెప్పగా చెప్పగా అవి తన మాటల్లా కాక, గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటుంటే వినబడుతున్నట్టు ఉన్నాయి ఆమెకి. బల్లకింద కుడికాలు వణుకుతోంది. మామగారు పోయిన క్షణం నుంచీ ఆ కాలొక్కటే వణుకుతోంది. చిత్రమేమిటంటే ఎడమకాలికి ఆ గొడవేమీ లేదు.

ఎదురుగా ఉన్న ఇన్‌స్పెక్టరు చెడ్డవాడేమీ కాదు. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు, గొంతు పెంచలేదు. ఆమె భయమంతా అక్కడే ఉంది. కేకలేసేవాడికైతే ఎదురు చెప్పి ఏడవొచ్చు. ఈయన మాత్రం పెళ్ళిపత్రిక రాసి పెట్టేసుకుని, ముహూర్తం కోసం చూస్తున్నవాడిలా ఉన్నాడు.

ఆయన చేతిలో మేకుల్లాంటి మాటలు మూడున్నాయి. మొదటిది, ప్రమాదం జరిగిన రోజే కారుని స్టేషను వెనక షెడ్డుకి లాగించి తనే కూర్చుని బ్రేకు తొక్కి చూశాడు. పెడల్ గట్టిగా ఉంది. బ్రేక్ ఆయిల్ నిండుగా ఉంది, ఎక్కడా చుక్క కారలేదు. రెండోది, ఆవేళ వెనకాలే వస్తున్న రొట్టెల వ్యాను డ్రైవరు చెప్పినది. వాలు దిగుతున్నంతసేపూ ముందు కారు వెనక ఎర్రదీపం వెలగనే లేదట, నేరుగా వెళ్ళి వంతెన స్తంభాన్ని కొట్టుకుందట. మూడోది, పిచ్చిది, తనే చెప్పుకుంది. గుద్దుకునే ముందు మామగారు "కాలెత్తు, కాలెత్తు" అని అరిచారని.

"కాలెత్తమన్నాడంటే ఆ కాలు ఎక్కడుందమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా. "యాక్సిలరేటరు మీదేగా."

సాయంత్రం మేజిస్ట్రేటు ముందుకి తీసుకెళ్తారు. మామగారిని కావాలని చంపిందని చెబుతారు. తను లోపలికి వెళ్ళిపోతే ఆరేళ్ళ పాప ఎవరి పక్కన పడుకుంటుంది? దానికంటే పెద్ద భయం ఇంకొకటుంది, అది ఎవరికీ చెప్పలేదు. ఇంతమంది ఇన్నిసార్లు చెబుతుంటే, నిజంగానే నా కాలు తప్పు పెడల్ మీద పడిందేమోనని ఆమెకే అనిపించడం మొదలైంది.

అప్పుడు వచ్చింది క్లచ్చమ్మ.

ఆవిడ ఒకప్పుడు డ్రైవింగ్ స్కూలు నడిపింది. చుట్టుపక్కల ఆడవాళ్ళలో సగంమంది ఆవిడ పక్క సీట్లో కూర్చుని, తిట్లు తిని, కళ్ళు తుడుచుకుని లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళే. క్లచ్చు మీద కాలు ఆనించి ఉంచితే మోకాలి మీద స్కేలుతో ఒక్కటిచ్చేది, అలా వచ్చిన పేరు అది. తన మోకాలే అరిగిపోయాక స్కూలు ఎత్తేసి, అదే గదిలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. కాళ్ళు చదవడం వస్తే మనుషుల్ని చదవడం ఎంతసేపని ఆవిడ ధీమా. కోడలు కూడా ఆవిడ దగ్గరే నేర్చుకుంది. స్టేషన్లో ఒక ఫోన్ చేసుకోమంటే, కట్టుకున్నవాడికి కాక ఈవిడకి ఎందుకు చేసిందో కోడలికే తెలియదు.

"రండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు నవ్వుతూ. "ఇవాళ ఎవరికి రివర్సు నేర్పడానికి వచ్చారు?"

"మీకేనండీ," అని క్లచ్చమ్మ కుర్చీ లాక్కుంది.

ఆవిడ అడిగే తీరు వేరుగా ఉంది. ఎందుకు చేశావని అడగలేదు. ఆవేళ ఏ చెప్పులేసుకున్నావు, సీటు ఎంత ముందుకి జరుపుకున్నావు అని అడిగింది. పెడల్ దిగినప్పుడు కాలికి ఏమనిపించిందని అడిగితే, మెట్టుందనుకుని అడుగేస్తే మెట్టు లేనట్టు అనిపించిందని కోడలు చెప్పింది. మళ్ళీ కాలెత్తి తొక్కావా అంటే, లేదంది. నొక్కింది నొక్కినట్టే పట్టుకుని ఇంకా ఇంకా నొక్కిందట. భయపడ్డ కాలు పైకి ఎలా లేస్తుంది?

కారు సంగతి ఇన్‌స్పెక్టరుకి తెలిసిందే. మామగారు దాన్ని పెద్దమ్మాయి అని పిలిచేవారు. ఆయన కుర్రతనం నాటి కారు. రెండేళ్ళ కిందట దానికి కొత్త ఇంజను వేయించి, ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు పెట్టించారు. పైకి పాత చీర, లోపల కొత్త ప్రాణం. ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు, కొడుకుని కూడా. మరి ఆవేళ నీ చేతికెందుకొచ్చిందని క్లచ్చమ్మ అడిగింది.

కళ్ళ ఆసుపత్రికి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు మామగారే నడిపారు. అక్కడ కళ్ళలో చుక్కలు వేశారు, చూపు మసకేసింది. ఇక వచ్చేటప్పుడు కోడలు నడపక తప్పలేదు. ఆసుపత్రి గేటు నుంచి వంతెన వాలుదాకా అడ్డూ ఆపూ లేని తిన్నని రోడ్డు. బ్రేకు అవసరమే పడలేదు. మొదటిసారి తొక్కింది వాలులోనే.

"మీ మామగారు బ్రేకు ఎలా తొక్కేవారే?"

ఈ ప్రశ్నకి కోడలికి ఏడుపుతో పాటు నవ్వూ వచ్చింది. ఆయన ఎప్పుడూ రెండుసార్లు తొక్కేవారు. పాతరోజుల్లో బ్రేకులు అలా ఉండేవని, కొత్తవి వేయించాక కూడా ఆ అలవాటు పోలేదు. తాతయ్య కాలితో తబలా వాయిస్తాడని పాప ఎగతాళి చేసేది.

క్లచ్చమ్మ నవ్వలేదు. లేచి, షెడ్డు చూపించమంది.

షెడ్డు స్టేషను వెనకాలే. రేకుల కప్పులో అమర్చిన గాజుపలకల్లోంచి మధ్యాహ్నపు వెలుతురు పడుతోంది. వర్షం నీళ్ళు పోవడానికి నేల వెనక గోడ వైపు కాస్త వాలుగా ఉంది. మధ్యలో పెద్దమ్మాయి నిలబడి ఉంది, మామగారు కూర్చున్న వైపు ముఖమంతా నలిగిపోయి. ఈ వైపు నుంచి చూస్తే ఏమీ కానట్టే ఉంది. ఈ వైపు చూసే కోడలికి భయమేసింది.

కారుకి మార్పులు చేసిన మెకానిక్కుని క్లచ్చమ్మ ముందే పిలిపించుకుంది. చేతిలో సంచీతో, అప్పుడే అరెస్టయినవాడిలా నిలబడి ఉన్నాడు. అమ్మగారూ, నా పనిలో లోపం లేదండీ అని ఎవరూ అడక్కుండానే రెండుసార్లు చెప్పాడు.

"ముందు మీరు కూర్చోండి," అంది క్లచ్చమ్మ ఇన్‌స్పెక్టరుతో. "ఆ రోజు చూసినట్టే చూడండి."

ఆయన విసుక్కుంటూ కూర్చున్నాడు. కాలు టపటపటప మూడుసార్లు పడింది, మూడోసారి ఆగింది. "రాయి. రాయిలా ఉంది. మీరొచ్చి తొక్కుతారా?"

"మీరు మూడుసార్లు తొక్కారు."

"బ్రేకు చూసేవాళ్ళు ఎవరైనా అలాగే తొక్కుతారండీ. మీ మెకానిక్కుని అడగండి."

"నేననేదీ అదే. బ్రేకు చూసేవాళ్ళు అలా తొక్కుతారు. బ్రేకు వేసేవాళ్ళు అలా తొక్కరు."

ఇన్‌స్పెక్టరు మొహం మాడింది. ఇరవై ఏళ్ళుగా గుద్దుకున్న బండ్లు చూస్తున్నాననీ, కారుని తుక్కు చేస్తే తప్ప రోడ్డు దిగని మీ శిష్యురాళ్ళ మాట నమ్మి కేసు మార్చనని చురక వేశాడు. క్లచ్చమ్మ పట్టించుకోలేదు. ఈలోగా మెకానిక్కు తన పని మొదలుపెట్టాడు. ఆయిల్ చూశాడు, నిండుగానే ఉంది. గొట్టాలు వేళ్ళతో తడిమాడు, ఎక్కడా ఉబ్బు లేదు, తడి లేదు. చక్రం దగ్గర గాలి తీసే నిపిల్‌కి ప్రెషర్ గేజి బిగించాడు. లోపల గాలి చిక్కుకుని ఉంటే మూడోసారి కూడా పెడల్ స్పాంజిలా ఉండేది, అలా లేదు కాబట్టి గాలి కాదని తేల్చాడు. ఇంతకంటే తనకేమీ తోచడం లేదన్నాడు.

"అయితే కూర్చుందాం," అంది క్లచ్చమ్మ. "టీ తెప్పించండి. దాన్ని ఎవరూ ముట్టుకోకండి."

టీ వచ్చింది. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటూ తాగాడు. కోడలు గ్లాసు పట్టుకుంది గానీ పెదవికి తగిలించలేదు. ఆ ఖాళీలో క్లచ్చమ్మ ఇంటి సంగతులు అడిగింది, ఊరికే పొద్దుపోక అడుగుతున్నట్టు. మొగుడూ పెళ్ళాలు ఎలా ఉంటారు? బాగానే ఉంటామంది కోడలు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. కాకపోతే ఈమధ్య పాపని తీసుకుని మా అక్క దగ్గరికి వెళ్ళిపోతానని తను అంది. ఆయన పేపరు మడిచి, నువ్వెళ్ళు, పాప వెళ్ళదు అన్నాడు. అంతే. మళ్ళీ ఆ మాట రాలేదు. కళ్ళ ఆసుపత్రి అపాయింట్‌మెంటు కూడా ఆయనే తీసుకున్నాడు, నాన్నకి చూపు తగ్గుతోందని. చుక్కలు వేస్తే నాన్న నడపలేడు, నువ్వు తోడువెళ్ళు అని చెప్పిందీ ఆయనే.

క్లచ్చమ్మ గ్లాసు కింద పెట్టింది. "లే అమ్మాయ్. నువ్వెళ్ళి కూర్చో."

కోడలి పై ప్రాణాలు పైనే పోయాయి. వద్దు టీచరుగారూ అంది, పోనీ నన్ను మేజిస్ట్రేటు దగ్గరికే తీసుకెళ్ళండి అంది. ఆవిడ వినలేదు. చెయ్యి పట్టుకుని, పాఠం మొదటిరోజు తీసుకెళ్ళినట్టే తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. పక్క సీట్లో మామగారు నడుముకి పెట్టుకునే చిన్న దిండు అలాగే ఉంది. కోడలు అటు చూడకుండా స్టీరింగు పట్టుకుంది. ఇన్‌స్పెక్టరు కారు వెనక దీపం దగ్గర నిలబడ్డాడు, మెకానిక్కు గేజి దగ్గర.

"ఒక్కసారే తొక్కు," అంది క్లచ్చమ్మ. "ఎత్తకు. నేను చెప్పేదాకా ఎత్తకు."

తొక్కింది. కాలు నేలదాకా జారిపోయింది, అచ్చం ఆరోజులాగే. ఆమె గొంతులోంచి వచ్చిన శబ్దం ఏడుపో నవ్వో ఎవరికీ తెలియలేదు. నా కాలు అబద్ధం చెప్పలేదు, నా కాలు అబద్ధం చెప్పలేదు అని లోపల్లోపల అనుకుంటోంది.

"గేజి ముల్లు కదల్లేదండీ," అన్నాడు మెకానిక్కు.

దీపం వెలిగిందా అని క్లచ్చమ్మ అడిగింది. ఇన్‌స్పెక్టరు వంగి, దీపాన్ని దగ్గరగా చూసి లేదన్నాడు.

"ఇప్పుడు ఎత్తి మళ్ళీ తొక్కు."

ఈసారి పెడల్ సగంలోనే నిలబడింది. ముల్లు లేచింది. ఇన్‌స్పెక్టరు ఖాకీ చొక్కా మీద ఎర్రటి వెలుగు పడింది.

ఇక మెకానిక్కుకి నోరు పెగిలింది. ఈకాలం బండ్లకి దీపం స్విచ్చి పెడల్ దగ్గర ఉంటుంది, కాలు తగిలితే చాలు వెలుగుతుంది. ఈ పాతదానికి స్విచ్చి ఆయిల్ గొట్టంలో ఉంది. గొట్టంలో ప్రెషర్ వస్తేనే వెలుగుతుంది. దీపం వెలగలేదంటే ఆమె తొక్కలేదని కాదు, తొక్కినా ప్రెషర్ రాలేదని. వ్యాను డ్రైవరు చూసినది నిజమే. ఆ నిజం ఇన్నాళ్ళూ తిరగేసి పట్టుకున్నారు.

ప్రెషర్ ఎందుకు రాలేదో కూడా చెప్పాడు. ఈ కారులో పెడల్ తొక్కితే ఆయిల్ నెట్టే మాస్టర్ సిలిండరు కాళ్ళకింద, చక్రాల బ్రేకుల కంటే కిందుగా ఉంటుంది. కాసేపు వాడకపోతే ఆయిల్ వెనక్కి దిగిపోతుంది. బోరింగు పంపులో లోపలి వాషరు పోతే నీళ్ళు కిందికి జారిపోయి, మొదటి కొట్టు ఉత్తిగాలే రావడం అందరూ చూసిందే. అలా దిగకుండా ఆపడానికే గొట్టం మధ్యలో వేలెడంత ఇత్తడి వాల్వు పెట్టాడు. తను ఇచ్చిన రోజున మొదటి తొక్కుకే పెడల్ నిలబడింది. పెద్దాయనకి పక్కన కూర్చుని అంతా వివరించాడు కూడా. అప్పుడు అబ్బాయిగారు కూడా అక్కడే నిలబడి ఫోన్ చూసుకుంటున్నారు.

మాట్లాడుతూనే కారుకింద దూరి లైటు వేశాడు. బయటికి వచ్చినప్పుడు మొహం పాలిపోయి ఉంది.

"దాన్ని ఎవరో విప్పారండీ. ఇత్తడి మీద పానా గాట్లు తళతళమంటున్నాయి. ఇత్తడికి నేను గుడ్డ చుట్టకుండా పానా పెట్టనండీ. లోపలి స్ప్రింగు తీసేసి ఖాళీ డొల్ల మళ్ళీ బిగించి ఉంటారు. విప్పి చూపించమంటారా?"

"వద్దు," అంది క్లచ్చమ్మ వెంటనే. "దాన్ని అలాగే ఉండనీ. గేజి తీసెయ్, నిపిల్ బిగించెయ్."

ఇన్‌స్పెక్టరు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. పెద్దాయన్ని చంపాలని ఎవరో పన్నిన పని అన్నమాట అన్నాడు. ఓడిపోయిన మనిషి గొంతు అది, కానీ అందులో కోపం లేదు. క్లచ్చమ్మ తల అడ్డంగా ఊపింది.

"పెద్దాయన కాలు ఎప్పుడూ రెండుసార్లు పడుతుందండీ. వెళ్ళేటప్పుడు ఆయనే నడిపారు, ఏమైంది? ఏమీ కాలేదు. ఈ కారు ఆయన్ని ఏమీ చెయ్యదు. ఒక్కసారి తొక్కేవాళ్ళనే చంపుతుంది. ఆఖరుకి ఆయనకి సంగతి తెలిసింది పాపం. కాలెత్తు అని అరిచారు. ఎత్తి మళ్ళీ తొక్కమని."

కోడలు ఇంకా స్టీరింగు పట్టుకునే ఉంది. ఆ ఇంట్లో బ్రేకు ఒక్కసారే తొక్కేది ఎవరు? ఆ కారు తన చేతికి వచ్చేలా చుక్కలు వేయించింది ఎవరు? అడగక్కర్లేకుండానే జవాబు వచ్చేసింది. జైలు భయం, మేజిస్ట్రేటు భయం ఇప్పుడు చిన్నపిల్లల భయాల్లా ఉన్నాయి. పొద్దుట్నుంచీ ఇంటికి పంపండి బాబూ అని ఆమె బతిమాలుకున్న ఇల్లు అదే కదా.

అప్పుడే షెడ్డు గుమ్మంలో నీడ పడింది. ఆమె భర్త. చేతిలో టిఫిన్ క్యారియరు, ఇస్త్రీ చొక్కా, అదే నెమ్మది. పాపని బయట కానిస్టేబులమ్మ దగ్గర కూర్చోబెట్టి వచ్చానన్నాడు. ఏమైనా తేలిందా అని ఇన్‌స్పెక్టరుని అడిగాడు. ఇన్‌స్పెక్టరు నోరు తెరిచేలోపల క్లచ్చమ్మ అందుకుంది.

"ఏముంది బాబూ, బ్రేకులన్నీ బాగానే ఉన్నాయి. ఈ అమ్మాయిని ఇవాళ్టికి వదిలేస్తున్నారు. కారు దారికి అడ్డంగా ఉందట, వెనక్కి జరపాలి. మేం నెడతాం, నువ్వు కాస్త స్టీరింగు పట్టుకుని గోడ దగ్గర ఆపు."

"నాకు దాని సంగతి తెలియదండీ. నాన్న తాకనిచ్చేవారు కాదు," అన్నాడతను. అయినా క్యారియరు కింద పెట్టి, కోడలు దిగాక కూర్చున్నాడు. ఆమె తెరిచిన తలుపు పక్కనే నిలబడింది.

నెట్టారు. కారు వాలులో పడి వెనక్కి దొర్లడం మొదలుపెట్టింది. గోడ దగ్గరవుతోంది. తలుపు వెంటే నడుస్తున్న కోడలు అతని మొహం వైపు చూడలేదు. చూపంతా నల్లటి బూటు మీదే ఉంది. బూటు ఒకసారి దిగింది, తడుముకోకుండా లేచింది, మళ్ళీ దిగింది. ఎర్రదీపం వెలిగింది. గోడకి జానెడు దూరంలో పెద్దమ్మాయి మెత్తగా ఆగింది.

దాని సంగతి తెలియదన్న మనిషి కాలికి రెండుసార్లు తొక్కాలని తెలుసు. కోడలు తలెత్తితే ఇన్‌స్పెక్టరు ఆ దీపం వైపే చూస్తున్నాడు, కళ్ళు ఆర్పకుండా. క్లచ్చమ్మ చెయ్యి కోడలి మోచేతిని పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా.

అతను దిగి చేతులు దులుపుకున్నాడు. జేబులోంచి తాళాలు తీసి భార్య అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూశాడు. ఎంత ప్రేమగా మూశాడో, చూసేవాళ్ళకి ముచ్చటేసేలా.

"బయట నా కారుంది. నువ్వే తీసుకురా. ఇలాంటప్పుడు వెంటనే నడిపితేనే భయం పోతుంది. పాప నాతో వస్తుంది, మేం వెనక టాక్సీలో వస్తాం."

పాప నాతో వస్తుంది. ఆ మాట వినగానే కుడికాలు వణకడం ఆగిపోయింది. ఎందుకాగిందో ఆమెకి తెలియదు. భయం పోయిందని కాదు, భయం కాలు దాటి ఎక్కడికో పైకి వచ్చేసింది. గుమ్మం అవతల పాప ఎవరితోనో మాట్లాడుతూ నవ్వుతోంది.

కోడలు పిడికిలి విప్పి, తాళాలు ఇన్‌స్పెక్టరు ముందుకి చాపింది. కళ్ళు మాత్రం మొగుడి మీదే ఉన్నాయి.

"ముందు మీ కారు మీరే నడిపి చూపించండి," అంది. "ఆ వంతెన వాలుదాకా. ఇన్‌స్పెక్టరుగారు పక్కన కూర్చుంటారు. అక్కడ బ్రేకు తొక్కండి."

అతను నవ్వబోయాడు.

"ఒక్కసారే తొక్కండి," అంది.

నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు తాళాలు అందుకుని, రెండో చేత్తో షెడ్డు షట్టరు కిందికి లాగాడు.